స్లాబుకు నీళ్లు పెట్టారు సరే... మరి మీకో?

శివరాత్రితో చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోతుందంటారు పెద్దలు. ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే మేళ్లచెరువు జాతర చూడాలి. సూర్యాపేట జిల్లాలో, కృష్ణానదికి దగ్గర్లో ఉంటుందీ ఊరు. ఇక్కడి శంభులింగేశ్వరస్వామికి శివరాత్రినాడు పెద్ద జాతర. స్వామివారి లింగం పైభాగాన చిన్న గుంట ఉంటుంది. అందులో నీళ్లు ఎప్పుడూ ఇంకిపోవని భక్తుల నమ్మకం. జాతర రాత్రి భుజాన దుప్పటి వేసుకుని ఎడ్ల పందేలు చూసినవాళ్లే, రెండు నెలలు తిరిగేసరికి తువ్వాలు తడిపి నెత్తిన కప్పుకుంటారు. ఆ తర్వాత వచ్చేది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు!

మేళ్లచెరువుకి ఇంకో గుర్తు కూడా ఉంది... సిమెంటు. ఊరి చుట్టూ నేలలో ఉన్నది సున్నపురాయి. అందుకే అక్కడా, ఆ పక్కన దొండపాడు, మఠంపల్లి వైపూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఒకపక్క నీళ్లు ఇంకని గుడి, మరోపక్క రాయిని కాల్చి పిండి చేసే కొలుములు. నీళ్లూ నిప్పూ ఒకే ఊళ్లో!

రెండేళ్ల కిందట మే నెలలో ఆ ఊళ్లోనే మా మామయ్య ఇల్లు కట్టుకుంటుంటే చూడ్డానికి వెళ్లాను. స్లాబు పోసి రెండో రోజు. పైన ఇసుకతో చిన్న చిన్న గట్లు కట్టి, మడుల్లా నీళ్లు నింపారు. పాతికేళ్లు కూడా నిండని కుర్రాడొకడు పైపు పట్టుకుని ఉదయం నుంచీ పైనే ఉన్నాడు. నీళ్లు ఇంకిన చోటల్లా నింపడం అతని పని. మధ్యాహ్నం రెండయ్యేసరికి ‘తల తిరుగుతోంది’ అంటూ పిట్టగోడకి చేరబడ్డాడు. మాట తడబడుతోంది. మేస్త్రి ఒక్క ఉదుటున నిచ్చెనెక్కాడు. ఇద్దరు మనుషుల్ని పెట్టి కుర్రాణ్ని కిందికి దించి, వేపచెట్టు నీడన పడుకోబెట్టాడు. అదే పైపు తెచ్చి, ముందు అందులో ఎండకు కాగిపోయిన నీళ్లన్నీ నేల మీదికి వదిలేశాడు. చల్లటివి వచ్చాక అతని ఒళ్లంతా తడిపి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టాడు. కాసేపటికి కుర్రాడు కళ్లు తెరిచాడు. ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి తేరుకున్నాడు.

‘పొద్దున్నుంచి నీళ్లు తాగావా?’ అని డాక్టరు అడిగితే అతను చెప్పిన జవాబు నాకిప్పటికీ గుర్తే. ‘తాగే నీళ్లు కింద డ్రమ్ములో ఉన్నాయి సార్. దిగి ఎక్కాలంటే టైము పోతుందని...’

స్లాబుకు మాత్రం గంటగంటకీ నీళ్లు పెట్టాడు!

ఆ రోజు ఎండ 44 డిగ్రీలని టీవీలో చెప్పారు. అదే 44 డిగ్రీల్లో మేస్త్రికి ఏమీ కాలేదు. అమ్మమ్మ వసారాలో కూర్చుని మామిడికాయ ముక్కలు కోసింది. గూట్లో కుండలో నీళ్లు చల్లగానే ఉన్నాయి. అందరికీ ఒకే ఎండ అయినప్పుడు ఆ కుర్రాడొక్కడే ఎందుకు పడిపోయాడు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే మన వంటింటి పొయ్యి దగ్గర్నుంచి నాగార్జునసాగర్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

నిప్పురవ్వ... చెంబుడు నీళ్లు

ముందో చిన్న సంగతి. మనం ‘వేడి’ అనే ఒక్క మాటనే రెండు వేర్వేరు విషయాలకు వాడేస్తుంటాం. థర్మామీటరు చూపించేది ఉష్ణోగ్రత. ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకి వెళ్లేది ఉష్ణం. రెండూ ఒకటి కావు.

దీపావళికి పిల్లలు కాకరపువ్వొత్తులు కాలుస్తారు కదా. వాటి నుంచి ఎగిరే రవ్వల ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు దాటి ఉంటుంది. ఒకటో రెండో చేతిమీద పడినా చురుక్కుమని ఊరుకుంటాయి. అదే మరుగుతున్న నీళ్లు చెంబుడు ఒలికితే? వాటి ఉష్ణోగ్రత వంద డిగ్రీలే. కానీ తోలు ఊడిపోతుంది. రవ్వలో డిగ్రీలు ఎక్కువే అయినా అది ఆవగింజలో వందో వంతు కూడా ఉండదు. కాబట్టి మనకివ్వడానికి దాని దగ్గర పెద్దగా ఉష్ణం ఉండదు. చెంబుడు నీళ్ల దగ్గర బోలెడు ఉంటుంది. డిగ్రీలు చూసి బెదిరిపోకూడదు, డిగ్రీలు తక్కువని ధీమాగానూ ఉండకూడదు.

పైగా మిగతా వస్తువులతో పోలిస్తే నీళ్ల ఆకలి పెద్దది. ఒక గ్రాము నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఒక కేలరీ కావాలి. అదే ఇనుముకైతే అందులో తొమ్మిదో వంతు చాలు. మే నెలలో నూతి దగ్గరి ఇనప గిలక ముట్టుకోలేనంతగా కాలుతుంటే, పక్కనే బకెట్లో నీళ్లు గోరువెచ్చగా ఉండడానికి అదొక కారణం. రెండో కారణం ఇంకా పెద్దది. అది తెలియాలంటే వంటింట్లోకి రావాలి.

మంట పెంచితే ఏమవుతుంది?

పొయ్యి మీద గిన్నెడు నీళ్లు పెట్టండి. ఇరవై డిగ్రీలు, నలభై, అరవై, ఎనభై... పెరుగుతూ పోతుంది. వంద దగ్గర నీళ్లు తెర్లుతాయి. ఇప్పుడు మంట ఇంకా పెంచండి. నూటపది అవుతుందా? కాదు. నూట ఒకటి కూడా కాదు! గిన్నెలో చుక్క నీరు మిగిలినంతసేపూ థర్మామీటరు వంద దగ్గరే మొరాయిస్తుంది. మంట పెంచితే గ్యాసు త్వరగా అయిపోతుంది, నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. పప్పు మాత్రం ముందు ఉడకదు. అందుకే అమ్మలు ‘ఉడుకు పట్టాక మంట తగ్గించవే’ అంటారు. ఏ పుస్తకం చదవకుండా తెలుసుకున్న సైన్సది.

(ప్రెషర్ కుక్కరు సంగతి వేరు. అందులో ఆవిరిని బయటికి పోనివ్వకుండా బిగిస్తాం. లోపల ఒత్తిడి పెరిగి, నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. అందుకే పప్పు అంత త్వరగా మెత్తబడుతుంది.)

మరి మంట ఇస్తున్న ఉష్ణమంతా ఎటు పోతోంది? నీటిని ఆవిరిగా మార్చడానికి పోతోంది. నీటిలోని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించి గాల్లోకి పంపాలంటే శక్తి కావాలి. ఎంత? ఒక గ్రాము నీటిని సున్నా డిగ్రీల నుంచి వందకు తీసుకెళ్లడానికి వంద కేలరీలు చాలు. అక్కడి నుంచి ఆవిరి చెయ్యడానికి 540 కేలరీలు కావాలి! అయిదు రెట్లకు పైనే. అంతా లోపలికి వెళ్తుంది, థర్మామీటరుకు మాత్రం కనిపించదు. అందుకే హైస్కూలు పుస్తకాల్లో దీన్ని ‘గుప్తోష్ణం’ అన్నారు. దాగిన వేడి.

ఐసు కరిగేటప్పుడూ ఇదే కథ. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము ఐసు సున్నా డిగ్రీల నీరుగా మారాలంటే 80 కేలరీలు కావాలి. పెళ్లిళ్ల సీజన్లో ఊక కప్పి తెచ్చే ఐసుగడ్డ అంత ఎండలోనూ గంటలపాటు నిలిచేది అందుకే. కరగడానికి తగినంత ఉష్ణం దానికి ఊకలోంచి అంత తేలిగ్గా అందదు.

దాగిన వేడి ఊరికే పోదండోయ్! ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు తీసుకున్నదంతా పైసాతో సహా తిరిగిచ్చేస్తుంది. ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే వేడినీళ్ల కన్నా ఎక్కువ కాలుతుంది. రెండూ వంద డిగ్రీలే. కానీ ఆవిరి చర్మాన్ని తాకి నీరుగా మారే ఆ క్షణంలో గ్రాముకు 540 కేలరీలు మన చేతికిచ్చి పోతుంది. పిల్లల్ని కుక్కరు దగ్గరికి రానివ్వకండి.

గ్లాస్గో నుంచి మిర్యాలగూడ దాకా

ఈ దాగిన వేడిని మొదట లెక్కగట్టినవాడు జోసెఫ్ బ్లాక్. స్కాట్లాండులోని గ్లాస్గో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. 1760ల మొదట్లో ఆయనకో సందేహం వచ్చింది. ఐసు కరగడానికి కాస్త వేడి చాలనుకుంటే, ఎండ వచ్చిన మొదటి రోజే కొండల మీది మంచంతా ఒక్కసారిగా నీరైపోవాలి. ఊళ్లు వరదలో కొట్టుకుపోవాలి. అలా జరగడం లేదే! వారాల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతోందంటే, మంచు చాలా ఉష్ణాన్ని లోపలికి తీసుకుంటోందన్నమాట. ప్రయోగాలు చేసి చూశాడు. నిజమే!

అదే యూనివర్సిటీలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ అనే కుర్రాడికి ఇంకో విడ్డూరం కనిపించింది. కాస్త ఆవిరిని చన్నీళ్లలోకి పంపితే, దాని బరువుకు ఆరింతల నీళ్లు మరిగే దాకా వస్తున్నాయి. ఇదెలా సాధ్యమని అడిగితే బ్లాక్ గుప్తోష్ణం గురించి చెప్పాడు. ఆవిరియంత్రాన్ని మెరుగుపరచి ప్రపంచాన్నే మార్చేసిన వాట్ ఆయనే.

ఆరింతల నీళ్లు మరిగించే ఆ ఆవిరి మనకు కొత్తేం కాదు. మేళ్లచెరువు నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్తే దారి పొడుగునా రైసుమిల్లుల గొట్టాలు కనిపిస్తాయి. అక్కడ ఉప్పుడు బియ్యం చేసే మిల్లుల్లో ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి అప్పుడు మర పట్టిస్తారు. వేడినీళ్లు పోస్తే పోయేదానికి ఆవిరెందుకు? గింజ మీద నీరుగా మారుతూ తన దాగిన వేడినంతా గింజకిచ్చేస్తుంది కనుక. బాయిలరులో వేసేది కూడా ఆ వడ్ల ఊకే.

సిమెంటు కొలిమిలో నీళ్ల ఖరీదు

దాగిన వేడి అందరికీ వరం కాదు. సిమెంటు ఫ్యాక్టరీకి అది దండగమారి ఖర్చు.

సున్నపురాయిని కొద్దిగా మట్టీ ఇనుపధాతువూ ఉన్న రాళ్లతో కలిపి పొడి చేసి, తిరిగే పెద్ద గొట్టం లాంటి కొలిమిలో కాలుస్తారు. 900 డిగ్రీల దగ్గర సున్నపురాయిలోంచి బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. 1450 డిగ్రీల దగ్గర పొడి సగం కరిగి గోలీల్లా, ఉండల్లా గడ్డకడుతుంది. అదే క్లింకరు. దాన్ని చల్లార్చి, కాస్త జిప్సం కలిపి మెత్తగా నూరితే సిమెంటు.

పూర్వం పొడి బాగా కలవాలని నీళ్లు పోసి చిక్కటి బురదలా చేసి కొలిమిలోకి పంపేవారు. కిలో క్లింకరు కోసం వెళ్లే ఆ బురదలో ఇంచుమించు 800 గ్రాముల నీళ్లుండేవి. రాయి కాలడానికి ముందు ఆ నీళ్లు ఆవిరి కావాలి. అందుకే దాదాపు 500 కిలో కేలరీలు ఆవిరి రూపంలో గొట్టంలోంచి ఎగిరిపోయేవి. ఇప్పటి ఫ్యాక్టరీలు పొడిని పొడిగానే పంపుతున్నాయి. కిలో క్లింకరుకు 1300 కిలో కేలరీల దాకా పట్టే చోట 750కి అటూ ఇటూగా సరిపోతోంది. ఏ గొప్ప రహస్యమూ లేదు... నీళ్లు పోయడం మానేశారు, అంతే!

ఇక్కడే ఓ తమాషా. కొలిమిలో నీళ్లొద్దన్న సిమెంటే, బస్తా విప్పగానే నీళ్లు కావాలంటుంది. కొలిమిలో తిన్న వేడిలో కొంత క్లింకరులోనే దాచుకుని, నీళ్లు తగలగానే బయటపెడుతుంది. స్లాబు పోసిన మర్నాడు చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది ఎండ వల్ల మాత్రమే కాదు. మామూలు సిమెంటు నెల రోజుల్లో గ్రాముకు 80 కేలరీలకు తగ్గకుండా ఉష్ణం విడుస్తుంది. ఐసు కరగడానికి కావాల్సిందీ గ్రాముకు 80 కేలరీలే కదా. అంటే యాభై కిలోల బస్తా విడిచే వేడితో యాభై కిలోల ఐసుగడ్డ కరిగిపోతుంది!

లోపలి వేడీ పైనుంచి ఎండా కలిసి స్లాబులో నీటిని లాగేస్తే సిమెంటు గట్టిపడడం మధ్యలో ఆగిపోతుంది. బీటలొస్తాయి. అందుకే క్యూరింగ్. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిదలాంటివి కలిపిన సిమెంటుకు పది రోజులు తడి ఆరకుండా చూడాలని నియమం. ఎండలు ముదిరితే ఇంకొన్ని రోజులు పెంచాలి. కాబట్టి ఆ కుర్రాడు చేస్తున్న పని చాలా ముఖ్యమైనదే.

సాగర్‌లో మూడో వాటా

కొలిమిలో బొగ్గు చేసే పనినే బయట ఎండ చేస్తుంది. ఎంత చేస్తుందో తెలియాలంటే నాగార్జునసాగర్ లెక్కలు చూడాలి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు నీళ్లు వచ్చేది సాగర్ ఎడమ కాలువ నుంచే. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ కేటాయింపుల్లో సాగర్ కుడి కాలువకు 132 టీఎంసీలు, ఎడమ కాలువకు 132 టీఎంసీలు. మరో 17 టీఎంసీలు... ఆవిరికి! వాదోపవాదాలు లేకుండా వాటా పుచ్చుకున్నది ఆవిరొక్కటే.

పదిహేడు టీఎంసీలంటే సుమారు 48 వేల కోట్ల లీటర్లు. మామూలు ఎండలో లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలో కేలరీలు పడతాయి. ఆ నీళ్లన్నిటినీ మనం బొగ్గు కాల్చి ఆవిరి చెయ్యాలనుకోండి. కిలో బొగ్గు నాలుగు వేల కిలో కేలరీలు ఇస్తుందనుకుంటే, ఏడు కోట్ల టన్నులు కావాలి. సింగరేణి గనులన్నీ కలిపి 2023-24 ఆర్థిక సంవత్సరం మొత్తంలో తవ్వింది కూడా ఇంచుమించు ఏడు కోట్ల టన్నులే! ఎండ ఆ పనిని చప్పుడు లేకుండా చేసి పోతోంది.

ఆ వేడి పోయిందీ లేదు. ఆవిరితోపాటు పైకి వెళ్లి, మేఘంలో మళ్లీ చినుకయ్యేటప్పుడు గాలికి చేరుతుంది. సముద్రం మీద ఇదే పెద్దఎత్తున జరిగితే తుపాను. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనకు బలమిచ్చిందీ ఈ దాగిన వేడే.

కుండ చెప్పిన రహస్యం

ఇప్పుడు అమ్మమ్మ గూట్లో కుండ దగ్గరికి వద్దాం. మట్టికుండకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. లోపలి నీరు కొంచెం కొంచెంగా బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి ఉష్ణం కావాలి కదా... కుండ దగ్గరా, లోపలి నీళ్ల దగ్గరా తీసుకుంటుంది. నీళ్లు చల్లబడతాయి. స్టీలు బిందెకు ఊరే దారి లేదు. నీళ్లు చల్లబడవు. వట్టివేళ్ల తడికా, కూలరూ చేసే పనీ ఇదే.

మరి అదే కుండను మచిలీపట్నం తీసుకెళ్తే? అంత చల్లగా ఉండదు. అక్కడి గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. నిండిన గోనెలో ఇంకా ధాన్యం పట్టనట్టే, ఆ గాలిలోకి ఆవిరి సరిగా వెళ్లదు. ఈ తేడాను కొలవడానికి వాతావరణ శాఖవాళ్లు థర్మామీటరు బొడిపెకు తడిగుడ్డ చుట్టి చూస్తారు. ఉదాహరణకు 44 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉన్న చోట తడిగుడ్డ థర్మామీటరు దాదాపు 25 డిగ్రీలకు దిగుతుంది. 36 డిగ్రీలే ఉండి, తేమ 75 శాతం ఉన్న చోట 32 కన్నా కిందికి దిగదు. డిగ్రీలు తక్కువున్న చోటే తడిగుడ్డ ఎక్కువ వేడిగా ఉంటుందన్నమాట!

ఆ తడిగుడ్డ ఎవరో కాదు... చెమట పట్టిన మన ఒళ్లే.

చెమట లెక్క

మన ఒంటి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. బయట అంతకన్నా తక్కువున్నప్పుడు ఒంట్లో వేడి గాలిలోకి పోతుంది. 44 డిగ్రీల్లో అది తిరగబడుతుంది. గాలి వేడే ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలేది ఒక్కటే దారి, చెమట. లీటరు చెమట ఒంటిమీద ఆవిరైతే 580 కిలో కేలరీలు తీసుకుపోతుంది. కారి నేల మీద పడిన చెమటకు లెక్క లేదు. ఆవిరైందే లెక్క.

ఇప్పుడు మన కుర్రాడి సంగతి చూద్దాం. అరవై కిలోల మనిషి ఒంటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి యాభై కిలో కేలరీలు చాలు. ఎండలో బరువు పని చేసేవాడికి, పని వల్ల పుట్టే వేడీ పైనుంచి వచ్చే వేడీ కలిసి గంటకు మూడు వందల కిలో కేలరీలు సులువుగా చేరతాయి. చెమట సాయం లేకపోతే? గంటలో ఆరు డిగ్రీలు! 37 కాస్తా 43. ఒంట్లో వేడి నలభై దాటితేనే మెదడు తడబడుతుంది. మనిషిని రోజూ ఆ గండం నుంచి తప్పిస్తున్నది గంటకు అర లీటరో, లీటరో చెమట. నీళ్లు తాగకపోతే ఆ చెమట ఎక్కడి నుంచి వస్తుంది?

టీవీలో చెప్పే డిగ్రీలు నేల మీంచి నాలుగడుగుల ఎత్తున, నీడలో, గాలాడే పెట్టెలో పెట్టిన థర్మామీటరువని కూడా గుర్తుంచుకోవాలి. ఎండలో మండుతున్న స్లాబు మీద నిలబడ్డవాడి ఎండ వేరు. వసారాలో మామిడికాయ కోసే అమ్మమ్మ ఎండ వేరు. మేస్త్రి మధ్యాహ్నం ఒంటిగంటకే నీడకు చేరాడు, చెంబుతో మజ్జిగ తాగాడు. డిగ్రీలు ఒకటే. చెమట ఖాతాలో నిల్వలే వేరు.

ఈ లెక్క తెలియక పోయిన ప్రాణాలు తక్కువేం కాదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. అలా పోయేవాళ్లలో ఎండన పడి పనిచేసే కూలీలు, వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. పెద్దవాళ్లకు దాహం తెలియదు, చెమటా తక్కువే పడుతుంది. ‘నాకు చెమటే పట్టదురా, ఎండ నన్నేం చెయ్యదు’ అని మీ ఇంట్లో తాతయ్య అంటుంటే ధైర్యం అనుకోకండి. భయపడాల్సిన మాట అది.

అందుకే కొన్ని జాగ్రత్తలు. దాహం వేసేదాకా ఆగకుండా, ఎండలో పనిచేసేవాళ్లు ప్రతి పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసుడు నీళ్లు తాగాలి. చెమటతో ఉప్పూ పోతుంది కాబట్టి ఉప్పేసిన మజ్జిగ, గంజి, ఓఆర్‌ఎస్ మంచివి. బరువు పనులు పొద్దున్నే, సాయంత్రం పెట్టుకోవాలి. బాగా ఎండగా ఉన్న రోజు ఉత్త ఫ్యాను గాలి వేడిగాలే. ఒళ్లు తడుపుకుని ఫ్యాను కింద కూర్చుంటే ఆ గాలే చల్లదనమిస్తుంది. ఉక్కపోత ఊళ్లవాళ్లు ‘ముప్పై ఆరేగా’ అనుకోకూడదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే పెట్టుకోండి, చేతిలో మాత్రం నీళ్ల సీసా ఉండాలి.

ఎవరైనా మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతూ పడిపోతే అది వడదెబ్బే అనుకోండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. అది వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. ముందు చల్లార్చాలి, తర్వాతే మిగతావి. స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ రోజు మేళ్లచెరువులో మేస్త్రి చేసింది అచ్చంగా ఇదే. గుప్తోష్ణం అనే మాట ఆయన విని ఉండకపోవచ్చు. దాన్ని పనిలో పెట్టడం మాత్రం తెలుసు.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన మా మామయ్యతో అన్న మాట: ‘స్లాబు బీటలిస్తే ఓనరు నన్నడుగుతాడు సార్. పిల్లగాడికేమన్నా అయితే వాళ్లమ్మ అడుగుతది. ఇద్దరికీ నేనే జవాబు చెప్పాలె.’

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే, స్లాబు మీద పిట్టగోడ నీడన ఒక కుండ ఉంది. పక్కనే బోర్లించిన గ్లాసు. నిచ్చెన దిగే పని లేకుండా అత్తయ్యే పంపిందట. మేస్త్రి కింది నుంచి కేకేస్తున్నాడు...

‘స్లాబుకు నీళ్లు పెట్టినవా? మరి నువ్వు తాగినవా?’

ఈ ఎండాకాలం మీ ఇంటిదగ్గర స్లాబు పోస్తున్నా, రోడ్డు వేస్తున్నా, పక్క చేలో మిరపకాయలు ఏరుతున్నా... పనిచేసేవాళ్లని ఆ రెండో ప్రశ్న ఒక్కసారి అడగండి.